ఆపరేషన్ తర్వాత వదలని మలబద్ధకం: అడ్డు ఎక్కడ పడుతోంది?

క్లుప్తంగా

ఆపరేషన్ అయిన మొదటి మూడు నాలుగు రోజులు మోషన్ రాకపోవడం చాలామందిలో ఉండేదే. అది వారాలు, నెలలు సాగితే మాత్రం కారణం వెతకాలి. నొప్పి మందులు పేగుల్ని బిగబట్టడం, పెద్దపేగు కదలికే మందగించడం, మలద్వారం దగ్గరి కండరాలు సమయానికి వదులు కాకపోవడం అనే మూడు ముఖ్యమైన కారణాలకు మూడు వేర్వేరు చికిత్సలున్నాయి. ఒకరికి మేలు చేసిన ఇసబ్‌గోల్ మరొకరికి పొట్ట ఉబ్బరం పెంచవచ్చు. వాంతులు, పొట్ట ఉబ్బడం, గ్యాస్ కూడా పోకపోవడం కలిసి కనిపిస్తే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

మొహమాటంతో ముదిరే సమస్య

ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లు కుట్లు తడిశాయనో, ఒళ్లు వెచ్చగా ఉందనో డాక్టరుకు వెంటనే ఫోన్ చేస్తారు. ఐదు రోజులైనా మోషన్ కాలేదని చెప్పడానికి మాత్రం మొహమాటపడతారు. ఈలోగా ఆముదం, అరటిపండ్లు, వేడినీళ్లు, మెడికల్ షాపువాళ్లు ఇచ్చిన సిరప్ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. మలం పెద్దపేగులో ఎంత ఎక్కువసేపు నిలిస్తే పేగు అందులోని నీటిని అంతగా లాగేసుకుంటుంది. గట్టిపడిన మలం దిగేటప్పుడు నొప్పి, ఆ నొప్పికి భయపడి ఆపుకోవడం, ఆపుకున్నకొద్దీ మరింత గట్టిపడటం. నాలుగు రోజుల ఇబ్బంది నెలల తరబడి వేధించే జబ్బుగా మారేది చాలాసార్లు ఈ దారిలోనే.

మొదటి వారంలో జరిగేది

పొట్ట కోసి చేసే ఆపరేషన్ ఏదైనా సరే, పేగులు కొంతకాలం కదలిక మానేస్తాయి. ఆపరేషన్‌లో పేగుల్ని తాకడం, జరపడం, లోపలి వాపు, మత్తుమందు, ఒంట్లోని ఒత్తిడి నరాలు చురుకవడం ఇవన్నీ కలిసి ఆ పని చేస్తాయి. తిరిగి కదలడంలో ఒక వరుస ఉంటుంది. చిన్నపేగు ఒక రోజులోపే తేరుకుంటుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. రౌండ్స్‌కి వచ్చిన సర్జన్ "గ్యాస్ పోయిందా?" అని రోజూ అడిగేది అందుకే. చివరగా మేలుకునే పెద్దపేగు కదిలిందనడానికి అదే మొదటి గుర్తు.

1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఈ దశను తగ్గించే పద్ధతిని ముందుకు తెచ్చారు. పేగులు కదిలేదాకా నోటికి ఏమీ ఇవ్వకూడదన్న పాత నియమాన్ని సడలించి తొందరగా ఆహారం ఇవ్వడం, రోగిని వీలైనంత త్వరగా లేపి నడిపించడం, మార్ఫిన్ తరహా మందులు తగ్గించి వేరే మార్గాల్లో నొప్పిని అదుపు చేయడం అందులో ముఖ్యాంశాలు. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఆపరేషన్ మర్నాడే పేషెంట్‌ని లేపి నాలుగడుగులు వేయిస్తున్నారంటే ఆ ఆలోచన ఫలితమే.

మొదటి వారపు ఇబ్బంది వేరు, దీర్ఘకాలిక మలబద్ధకం వేరు. వైద్యులు వాడే రోమ్ ప్రమాణాలు మోషన్ ఎన్నిసార్లు అవుతోందన్నది ఒక్కటే చూడవు. వారానికి మూడుసార్లకన్నా తక్కువ కావడం, వెళ్లిన నాలుగుసార్లలో ఒకసారికి మించి బాగా ముక్కాల్సి రావడం, మలం ఉండలుగా రావడం, పూర్తిగా కాలేదనిపించడం, అడ్డు పడినట్టుండటం, వేలితో సాయం చేసుకోవాల్సి రావడం లాంటివాటిలో కనీసం రెండు ఉండాలి. ఇవి ఆరు నెలల కిందట మొదలై, గత మూడు నెలలుగా ఉంటూ ఉండాలి. రోజూ వెళ్తున్నా అరగంట ముక్కి లేచేవాళ్లూ ఈ లెక్కలోకి వస్తారు. అయితే ఆపరేషన్ అయినవాళ్లు ఆరు నెలలు నిండేదాకా ఆగనక్కర్లేదు. రెండు మూడు వారాలకీ దారిలో పడకపోతే డాక్టరును అడగాల్సిందే.

నొప్పి మాత్ర పేగులో చేసే పని

ఆపరేషన్ తర్వాతి మలబద్ధకానికి మొదట అనుమానించాల్సింది నొప్పి మందుల్నే. మార్ఫిన్, ఫెంటనిల్ ప్యాచ్, కోడీన్, టాపెంటడాల్, మన దగ్గర బాగా వాడే ట్రామడాల్ ఇవన్నీ ఓపియాయిడ్ వర్గానివి. పారాసెటమాల్‌తో కలిపిన ట్రామడాల్ మాత్రల్ని చాలామంది మామూలు నొప్పి బిళ్లలే అనుకుంటారు.

ఈ మందులు మెదడులో నొప్పిని తగ్గించడానికి అంటుకునే గ్రాహకాలే పేగు గోడల్లోని నరాల్లోనూ ఉన్నాయి. అక్కడ అంటుకున్నాక మలాన్ని ముందుకు నెట్టే అలలు తగ్గిపోతాయి. పేగులోకి ఊరాల్సిన నీరు తగ్గుతుంది, నిలిచిన మలం నుంచి నీరు ఇంకుతూనే ఉంటుంది. మలద్వారం కండరం బిగుసుకుంటుంది. వెళ్లాలన్న కబురు కూడా మొద్దుబారుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఈ మందులు మొదలుపెట్టినప్పుడు వచ్చే వికారం, మగత కొన్నాళ్లకు శరీరానికి అలవాటవుతాయి. మలబద్ధకం మాత్రం అలా అలవాటు పడదు. మందు వాడినన్నాళ్లూ ఉంటుంది. కాబట్టి ఓపియాయిడ్ రాసిన చీటీలోనే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఉండాలన్నది వైద్య మార్గదర్శకాల మాట. మోషన్ ఆగిపోయాక మొదలుపెట్టడం కన్నా మొదటి రోజు నుంచే వాడటం నయం. డిశ్చార్జి సమ్మరీలో నొప్పి మాత్ర ఉండి దానికి జోడీగా ఇది లేకపోతే పేషెంటు తరఫువాళ్లే అడగడం మంచిది.

నేరం ఒక్క నొప్పి మాత్రదే కాదు. వాంతులకు ఇచ్చే ఆండాన్‌సెట్రాన్ పెద్దపేగును నెమ్మదింపజేస్తుంది. రక్తం తక్కువగా ఉందని ఇచ్చే ఐరన్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్, ప్రీగాబలిన్, బీపీకి వాడే వెరపమిల్ కూడా ఆ జాబితాలోనివే. విడివిడిగా చిన్నవిగా కనిపించే మందులు నాలుగు కలిస్తే పేగు దాదాపు నిలిచిపోతుంది. వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి డాక్టరుకు చూపించడం కొన్ని ఖరీదైన పరీక్షల కన్నా ఎక్కువ చెబుతుంది. అలాగని వాటిని సొంతంగా మానేయకూడదు.

పత్యం, నీళ్లు, మంచం

తెలుగు ఇళ్లలో ఆపరేషన్ అయినవాళ్లకు పెట్టే తిండిని ఒకసారి చూడాలి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని పప్పు మాన్పిస్తారు. వంకాయ, గోంగూర, చాలా ఇళ్లలో ఆకుకూరలు కూడా బంద్. మిగిలేది చారన్నం, ఇడ్లీ, బ్రెడ్డు, పాలు. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. గాయం మానడానికి కావాల్సిన మాంసకృత్తులూ, మలం మెత్తగా ఉండటానికి కావాల్సిన పీచూ రెండూ ఇచ్చే పదార్థాన్నే ఈ నమ్మకం కంచంలోంచి తీసేస్తోంది.

బాలింతల విషయంలో ఇది మరీ ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. అంటే తెలంగాణలో ప్రతి ఐదుగురు తల్లుల్లో ముగ్గురు పొట్ట ఆపరేషన్ నుంచి కోలుకుంటున్నవారే. వారిలో చాలామందికి ఇంట్లో దొరికేది కారప్పొడి అన్నం, కొలిచి ఇచ్చే నీళ్లు. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువ నీరు కావాలి. ఆ లోటు శరీరం పూడ్చుకునే చోట్లలో పెద్దపేగు ఒకటి. దానికి ఐరన్, క్యాల్షియం మాత్రలు తోడవుతాయి, ముక్కితే కుట్లు ఊడతాయేమోనన్న భయం సరేసరి. కుట్ల దగ్గర చిన్న దిండు ఆనించి పట్టుకుని కూర్చుంటే నొప్పీ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది.

మోకాలి, తుంటి, వెన్ను ఆపరేషన్లయినవాళ్లలో నీళ్లు తగ్గడానికి వేరే కారణం ఉంటుంది. లేచి బాత్‌రూమ్‌కి వెళ్లడం కష్టం, ప్రతిసారీ ఎవరో ఒకరు పట్టుకోవాలి. పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక పెద్దవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. ఇది వాళ్లు నోరు తెరిచి చెప్పరు, చూసుకునేవాళ్లే గమనించాలి. మంచం పక్కన కమోడ్ కుర్చీ పెడితే సగం సమస్య తీరుతుంది.

నీళ్ల గురించి ఒక అతి నమ్మకం కూడా ఉంది. ఒంట్లో నీరు తక్కువైనవాళ్లకు నీళ్లు తాగితే గుణం కనిపిస్తుంది. సరిపడా తాగుతున్నవాళ్లు అదనంగా లీటర్లు తాగినంత మాత్రాన మలం మెత్తబడదు, అది మూత్రంగా పోతుంది.

ఏ ఆపరేషన్ తర్వాత ఏ ఇబ్బంది

పైల్స్, ఫిషర్ (మలద్వారం దగ్గరి చీలిక) ఆపరేషన్లలో పేగు కదలికకు లోటు ఉండదు. నొప్పి భయంతో ఆపుకోవడమే మొదటి కారణం. నెలల తర్వాత మలం సన్నగా, కష్టంగా వస్తుంటే మచ్చ కట్టి మలద్వారం ఇరుకయిందేమో చూడాలి.

గర్భసంచి తొలగింపు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ. కుటుంబ ఆరోగ్య సర్వేల్లో దేశ సగటుకు రెట్టింపుకు మించి నమోదవుతోంది. సాధారణ గర్భసంచి తొలగింపు వల్లే దీర్ఘకాలిక మలబద్ధకం వస్తుందా అన్నదానిపై అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. క్యాన్సర్ కోసం చుట్టుపక్కల కణజాలంతో సహా తీసే రాడికల్ ఆపరేషన్‌లో మాత్రం పురీషనాళానికి (మలద్వారానికి పైన ఉండే పెద్దపేగు చివరి భాగం), మూత్రాశయానికి వెళ్లే సన్నటి నరాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. అలాంటివారిలో మోషన్‌తో పాటు మూత్రమూ సరిగా రాదు.

నరాల పాత్ర ఎంతో చెప్పడానికి పురీషనాళం జారిపోయినప్పుడు చేసే ఆపరేషన్ల చరిత్ర చాలు. పాత పద్ధతిలో పురీషనాళాన్ని వెనకవైపు నుంచి విడదీసి, పక్కనున్న బంధనాలు కోసి, పైకి బిగించేవారు. జారడం ఆగేది, చాలామందికి మలబద్ధకం కొత్తగా మొదలయ్యేది. ఆ బంధనాల గుండా నరాలు వెళ్తాయి. 2004లో బెల్జియం సర్జన్లు ముందువైపు మాత్రమే విడదీసి మెష్‌తో బిగించే పద్ధతి ఫలితాలు ప్రచురించారు. వెనక నరాల జోలికి వెళ్లని ఆ పద్ధతిలో కొత్తగా మలబద్ధకం రావడం బాగా తగ్గింది.

థైరాయిడ్ మొత్తం తీసేసినవారిలో హార్మోన్ మాత్ర మోతాదు చాలకపోతే పేగులు మందగిస్తాయి. వారికి తరచూ ఇచ్చే క్యాల్షియం మాత్రలు ఇంకొంత బిగిస్తాయి. టీఎస్‌హెచ్ అనే ఒక్క థైరాయిడ్ రక్తపరీక్షతో తేలే విషయం ఇది. బరువు తగ్గే సర్జరీ తర్వాత తిండి పరిమాణమే పడిపోతుంది కాబట్టి మలమూ తగ్గుతుంది. దీనికి విరుద్ధంగా పిత్తాశయం తీసినవారిలో కొందరికి మోషన్ వదులవుతుంది, ఎందుకంటే పిత్తరసం నిల్వ ఉండే చోటు లేక పేగులోకి కారుతూనే ఉంటుంది.

వస్తుంది, బయటపడదు

దీర్ఘకాలిక మలబద్ధకంలో తరచూ ఎవరి కంటా పడనిది ఈ రకం. పురీషనాళం చుట్టూ ఒక పట్టీలాంటి కండరం ఉంటుంది. మామూలుగా అది పురీషనాళాన్ని ముందుకు లాగి వంపు పెట్టి ఉంచుతుంది. కూర్చుని ముక్కినప్పుడు అది వదులై వంపు సాఫీ కావాలి. కొందరిలో ముక్కినప్పుడే అది బిగుస్తుంది. పైన నెట్టుడు, కింద బిగింపు. ఆపరేషన్ నొప్పి రోజుల్లో బిగబట్టడం అలవాటై, నొప్పి పోయాక కూడా కండరం ఆ అలవాటు మానకపోవడం దీనికి ఒక దారి.

ఇలాంటివారికి పీచు పెంచితే వెనక గుట్ట పెరుగుతుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. విరేచనాల మందు మోతాదు పెంచుకుంటూ పోతే నీళ్లలా పోతుంది, ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. గుర్తించడానికి చేసే పరీక్ష చాలా సులువైనది. 50 మిల్లీలీటర్ల నీరు నింపిన చిన్న బెలూన్‌ని పురీషనాళంలో ఉంచి, కమోడ్‌పై కూర్చుని బయటికి పంపమంటారు. మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. దీంతో పాటు లోపలి ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ చేస్తారు. తేలితే చికిత్స బయోఫీడ్‌బ్యాక్. కండరం బిగుస్తోందా వదులవుతోందా అన్నది పేషెంటు తెరపై చూసుకుంటూ, పొట్టతో ఊపిరి తీసి నెట్టడం, అదే సమయంలో కింద వదలడం నేర్చుకుంటారు. కొన్ని సెషన్లు పడుతుంది. ఈ రకం మలబద్ధకంలో విరేచనాల మందుల కన్నా ఇదే మెరుగని క్లినికల్ ట్రయల్స్ చూపించాయి. పెద్ద నగరాల్లోని గ్యాస్ట్రో విభాగాల్లోనే ఎక్కువగా దొరకడం దీని లోటు.

కూర్చునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. గొంతుక్కూర్చున్నప్పుడు ఆ వంపు బాగా సాఫీ అవుతుంది. జీవితమంతా ఇండియన్ టాయిలెట్‌కి అలవాటుపడి, మోకాలి ఆపరేషన్ తర్వాత కమోడ్‌కి మారినవారికి ఒక్కసారిగా కష్టమయ్యేది ఇందుకే. కాళ్ల కింద చిన్న పీట పెట్టుకుని, ముందుకు వంగి, మోచేతులు తొడలపై ఆనించి కూర్చుంటే చాలావరకు ఆ భంగిమ వస్తుంది. తుంటి మార్పిడి అయినవారు మాత్రం మొదటి వారాల్లో పీట వాడకూడదు. తుంటిని 90 డిగ్రీలకు మించి వంచొద్దని చెప్పినవారికి అది ప్రమాదం, వారికి ఎత్తైన సీటే సరైనది.

మందుల్లో తేడాలు

ఇసబ్‌గోల్ మలం పరిమాణాన్ని పెంచుతుంది. పేగు కదులుతున్నవారికి, తగినన్ని నీళ్లు తాగేవారికి మంచిది. ఓపియాయిడ్లు వాడుతున్నవారికి, పేగు బాగా మందగించినవారికి, అప్పటికే మలం గట్టిగా పేరుకుపోయినవారికి అది ఉబ్బరాన్నే పెంచుతుంది. అడ్డంకి ఉందన్న అనుమానం ఉంటే అసలే కూడదు. అయినా మన దగ్గర అందరూ మొదట ఇచ్చే సలహా ఇదే.

పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి నీటిని పేగులోనే పట్టి ఉంచుతుంది. రోజుకు 17 గ్రాములు గ్లాసు నీళ్లలో కలిపి తాగడం పెద్దల మామూలు మోతాదు. గుణం కనిపించడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, ఒక్క రాత్రికే పనిచేయలేదని వదిలేయకూడదు. లాక్టులోజ్ కూడా ఇదే కోవలోది, కాకపోతే గ్యాస్ ఎక్కువ. బిసాకోడిల్, సునాముఖి, సోడియం పికోసల్ఫేట్ పేగు కండరాన్ని తట్టి లేపుతాయి. ఓపియాయిడ్ల వల్ల వచ్చిన మలబద్ధకంలో ఇవి ముఖ్యం. రాత్రి వేసుకుంటే ఉదయానికి పనిచేస్తాయి. బిసాకోడిల్ మాత్రను పాలతో, యాంటాసిడ్‌తో వేసుకుంటే పైపూత కడుపులోనే కరిగి నొప్పి వస్తుంది. సునాముఖిని కొన్నాళ్లు వాడితే పేగు శాశ్వతంగా పాడవుతుందన్న పాత భయానికి, చెప్పిన మోతాదులో వాడినప్పుడు గట్టి ఆధారం లేదు. అయితే చూర్ణాల డబ్బాల్లో ఎంత సునాముఖి ఉందో తెలియకుండా వాడటం వేరే సంగతి.

ఆముదం పేగును బలంగా పిండుతుంది. పేగును కోసి కుట్టిన ఆపరేషన్ల తర్వాత దాని జోలికి పోకూడదు. అలాంటివారు ఎనిమా, సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) కూడా సర్జన్ అనుమతి లేకుండా పెట్టుకోకూడదు. ఫాస్ఫేట్ ఎనిమా, మెగ్నీషియం ఉన్న మందులు కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రమాదం. మంచంలో పడుకుని ఉండే పెద్దవాళ్లకు లిక్విడ్ పారాఫిన్ పోస్తే పొరపాటున ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు.

వీటికి లొంగకపోతే పెద్దపేగు కదలికను పెంచే ప్రూకాలోప్రైడ్, పేగులోకి నీరు ఊరేలా చేసే లూబిప్రోస్టోన్, లినాక్లోటైడ్ ఉన్నాయి. ఓపియాయిడ్ ప్రభావాన్ని మెదడులో ముట్టుకోకుండా పేగులో మాత్రమే అడ్డుకునే మిథైల్‌నాల్ట్రెక్సోన్, నాలోక్సెగాల్ వంటివి కొన్ని దేశాల్లో వాడుతున్నారు. పెద్దపేగు తీసేసే ఆపరేషన్ మాత్రం, మిగతా చికిత్సలన్నీ అయిపోయాక, పేగు నిజంగానే కదలడం లేదని మార్కర్ల ఎక్స్‌రే పరీక్షలో (మింగిన చిన్న గుర్తులు ఎక్కడిదాకా కదిలాయో చూసేది) తేలాక, బయటపడే దారిలో లోపం లేదని నిర్ధారించుకున్నాకే ఆలోచించాల్సినది.

విరేచనాల్లా కనిపించే మలబద్ధకం

ముసలివారిలో తరచూ పొరబడేది ఇక్కడ. పది రోజులుగా మోషన్ లేనివాళ్లకు ఉన్నట్టుండి నీళ్లలా కారడం మొదలవుతుంది. దారి వచ్చిందనుకుని ఇంట్లో ఊరట పడతారు, లేదా విరేచనాలని లోపెరమైడ్ వేస్తారు. నిజానికి కింద గట్టిగా ఇరుక్కున్న ముద్ద పక్కనుంచి పల్చటి మలం జారుతోంది. ఆ మాత్రతో పరిస్థితి మరింత బిగుస్తుంది. డాక్టరు వేలితో పరీక్షిస్తే నిమిషంలో తెలుస్తుంది.

పొట్ట ఆపరేషన్ అయినవారిలో లోపల అతుకులు ఏర్పడటం సర్వసాధారణం. ఏళ్ల తర్వాత కూడా అవి చిన్నపేగును మెలిపెట్టి మూసేయగలవు. మెలిపెట్టే నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బడం, గ్యాస్ సైతం పోకపోవడం కనిపిస్తే విరేచనాల మందు వేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెన్ను ఆపరేషన్ అయినవారికి మలబద్ధకంతో పాటు మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా గంటల మీద చూపించుకోవాలి. మలంలో రక్తం, తగ్గిపోతున్న బరువు, జ్వరం ఉన్నా ఆగకూడదు.

ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలి

పెద్దపేగులో బలమైన అలలు నిద్ర లేచాక, తిన్నాక ఎక్కువగా వస్తాయి. ఉదయం టిఫిన్, కాఫీ అయిన పావుగంట నుంచి అరగంటలోపు టాయిలెట్‌కి వెళ్లడం ఆ అలను వాడుకోవడమే. ఐదు పది నిమిషాలు చాలు. రాకపోతే లేచి, తర్వాతి భోజనం దాకా ఆగొచ్చు. ఫోన్ పట్టుకుని అరగంట కూర్చుంటే పైల్స్ తోడవుతాయి.

తేదీ, మలం తీరు, వాడిన మందు, ముక్కాల్సి వచ్చిందా లేదా అన్నవి క్యాలెండర్‌లో ఒక్క మాటలో రాసుకుంటే రెండు మూడు వారాలకు డాక్టరుకు చూపించదగ్గ సమాచారం తయారవుతుంది. మోషన్ సాఫీగా అయిన మొదటి రోజే మందు ఆపేయడం వల్లే చాలామందికి తిరగబెడుతుంది. సాగిపోయిన పురీషనాళం తిరిగి దగ్గరపడి, వెళ్లాలన్న కబురు సరిగా అందడానికి సమయం పడుతుంది. అందుకే రెండు మూడు వారాలు కుదురుగా సాగాక, కండరాన్ని తట్టే మాత్రను ముందు తగ్గిస్తారు. మెత్తబరిచే పొడిని తర్వాత కొద్దికొద్దిగా, వారానికో మెట్టు చొప్పున దించుతారు. ఓపియాయిడ్ ఇంకా నడుస్తుంటే రెండూ కొనసాగాలి. నొప్పి మాత్ర ఆపేసి నెల దాటినా పరిస్థితి మారకపోతే, మందును నిందించడం ఆపి పేగు కదలికనూ, బయటపడే దారినీ పరీక్షించమని అడగాల్సిన సమయం వచ్చినట్టే.